నెత్తురు తాగే గుమ్మడికాయ

బొల్లిగుట్టలో జానయ్య పేరు ఆదివారం తప్ప ఎవరి నోటా వచ్చేది కాదు. ఆదివారం పొద్దున ఆయన పొట్టేలును కోసి మోదుగాకుల్లో పోగులు పెడతాడు గనుక, ఆ ఒక్కపూట ఊరంతా "జానన్నా, నా పోగుల జర కార్జం ఎక్కువెయ్యి" అంటూ ఎక్కడ లేని ప్రేమ ఒలకబోస్తుంది. బొక్కలు నమిలి ఊసేసరికి ఆ ప్రేమ కూడా ఊసినట్టే. సోమవారం నుంచి ఆయన మళ్లీ మంద వెనక నడిచే మనిషి. నలభై దాటి, నెత్తి మీద వెంట్రుకలు పోయి, పక్కటెముకలు లెక్కకొచ్చేలా తయారైనా, చావడి దగ్గర ఆయన్ను కూర్చోమన్న మొగోడు లేడు.

ఇంతకాలం ఆయనకు దీని గురించి ఫికర్ లేదు. నిరుడు పట్టుకుంది. నిరుడు పాలమూరులో పశువులకు, పంటలకు పెట్టే నుమాయిష్‌లో ఆయన పాలోడు, పెదనాయన కొడుకు దశరథం కోడెకు బహుమతి వచ్చింది. వచ్చింది టార్చిలైటే. ఆ టార్చిలైటు మూడో నెలలోనే ఆరిపోయింది కూడా. కానీ ఆ పూట మైకులో "బొల్లిగుట్ట దశరథం" అని పిలిచారు. ఆ పిలుపు మైదానమంతా తిరిగి, కచేరీ గోడలకు తగిలి, రెండోసారి వినబడింది. జానయ్య అప్పుడు అక్కడే కోడె తాడు పట్టుకొని నిలబడి ఉన్నాడు. పేరు దశరథానికి పోయింది, పేడ జానయ్య కాళ్ల మీద పడింది. ఊరికి తిరిగొచ్చిన నాటి నుంచి చావడిలో మొదటి మాట దశరథానిదే. దశరథం దగ్గినా పదిమంది అటు తిరిగి చూస్తున్నారు.

జానయ్యకు ఇక నిద్ర పట్టలేదు. చచ్చేలోపు ఒక్కసారి తన పేరు కూడా ఆ మైకులో పడాలి. అంతే. టార్చిలైటు ఇవ్వకపోయినా సరే.

ఆ సంవత్సరం తొలకరిలో గ్రామసేవక్ పర్వతాలు సారు బ్లాకాఫీసు నుంచి సైకిలు మీద వచ్చి ఊళ్లో కాగితప్పొట్లాలు పంచాడు. అమెరికా గుమ్మడి గింజలట. ఆ దేశంలో ఒక్కో కాయకు ఒక్కో బండి కట్టి ఎత్తుకుపోతారట. తీసుకున్నవాళ్లు తీసుకున్నారు, వేయించుకొని తిన్నవాళ్లు తిన్నారు. జానయ్య మాత్రం నాలుగు గింజలను గొర్ల దొడ్డి పక్కన, పెంటకుప్ప అంచున పాతాడు. మూడు మురిగిపోయాయి. ఒకటి లేచింది.

లేచిందంటే అలా ఇలా లేవలేదు. దొడ్డి కంచె ఎక్కి, కొట్టం మీదికి పాకి, పెండ్లాం సత్తమ్మ బట్టలారేసుకునే దండేన్ని కూడా చుట్టుకుంది. జానయ్య దానికి గొర్రె ఎరువు వేశాడు, బియ్యం కడిగిన నీళ్లు పోశాడు. ఆదివారం నాడు పొట్టేలు నెత్తురును ముంతలో పట్టి తెచ్చి మొదట్లో పోశాడు. ఆ నెత్తురును మామూలుగా ఉల్లిగడ్డలేసి నల్ల వండుకుంటారు. సత్తమ్మకు ఒళ్లు మండింది.

"వండితె ఇంటిల్లిపాది తినే నల్లను తీస్కపోయి తీగెకు పోస్తున్నవ్. రేపు నాకు జరమొస్తె గిట్లనే పోస్తవా?"

"నువ్వేమన్న నుమాయిష్‌కు పోతున్నవానె?" అన్నాడు జానయ్య.

తీగకు ఒకే ఒక్క కాయను ఉంచి మిగతా పిందెలన్నీ తుంచేశాడు. పూలు మాత్రం బతుకమ్మకు ఆడవాళ్లు వచ్చి ఒళ్లో నింపుకుపోయారు. ఆ ఏడు ఊళ్లో బతుకమ్మలన్నింటికీ పసుపుపచ్చ రంగు జానయ్య తీగ ఇచ్చిందే. దసరా నాటికి కాయ నీళ్ల గోలెమంత అయింది. దాని కింద గడ్డి పరిచాడు, మీద గొంగడి కప్పాడు. తన మీద ఎన్నడూ కప్పని గొంగడి అది అని సత్తమ్మ వాడకట్టంతా చెప్పింది.

దసరా అయిన వారానికి సర్కారు సినిమా బండి వచ్చింది.

మోటరు బండిలోనే మిషను, బండిలోనే కరెంటు. చావడి ముందు రెండు నిలువు గుంజల మధ్య తెల్లబట్ట కట్టారు. ఎరువుల మీద సినిమా అని పగలే డప్పు కొట్టించారు. పొద్దు గూకగానే పిల్లాజెల్లా వచ్చి కూర్చున్నారు. బొమ్మ ఇంగ్లీషులో ఉంటుంది గనుక దాని తెలుగు భావం చదివి వినిపించడానికి పర్వతాలు సారుకు పై ఆఫీసు నుంచి కాగితాలు పంపారు. సారుకు చూపు మందం. లాంతరు పక్కన బొమ్మకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి, కాగితాలు కళ్లకు ఆనించుకొని కూర్చున్నాడు. మిషను తిరిగింది.

బొమ్మలో ఒక బట్టతల మనిషి. బక్కగా ఉన్నాడు. గాజు గోడల ఇంట్లో ఒక కుండీ ముందు నిలబడ్డాడు. కుండీలో ఏదో చెట్టు. దాని తీగలు కుండీ దిగి నేల మీద పాకుతున్నాయి. ఒక్కటే పువ్వు ఉంది, చేటంత.

"రైతు సోదరులారా," అని చదివాడు సారు, "మొక్కకు కూడా మనవలెనే ఆకలి ఉండును."

బొమ్మలో బట్టతల మనిషి చెట్టుకు పాలు పోశాడు. పువ్వు మూతి ముడుచుకుంది.

"ఆ ఆకలిని గుర్తించి, తగిన ఆహారమును సకాలములో అందించవలెను."

ఒక పిల్లి వచ్చి కుండీ పక్కన పడుకుంది. పువ్వు కిందికి వంగింది. లేచింది. పిల్లి లేదు.

సారు వేలు తడి చేసుకొని కాగితం తిప్పాడు.

"మొదటి విడత మోతాదు చాలనిచో రెండవ విడతకు వెనుకాడరాదు."

పనిమనిషి చీపురు పట్టుకొని గాజు ఇంట్లోకి వచ్చింది. తీగ వచ్చి ఆమె కాలిని పట్టుకుంది. ఇంకో తీగ నడుమును పట్టుకుంది. పువ్వు తెరుచుకుంది. కాసేపటికి చీపురొక్కటే మిగిలింది.

"దీనివల్ల కాయ బలముగా పెరిగి, దిగుబడి రెండింతలగును. ఈ పద్ధతి మన ప్రాంతమునకు మిక్కిలి అనుకూలమని నిపుణులు తేల్చిరి."

అప్పుడు దశరథం పెండ్లాం నర్సింగమ్మ లేచి నిలబడింది. "సారూ, గది మనిషిని మింగింది. నువ్వు జర ఎన్కకు తిరుగు."

సారు తిరిగాడు. కాగితాలు జారిపోయాయి. మిషను నడిపే మనిషి ఆపబోయాడు గానీ జనం ఆపనియ్యలేదు. "ఉండనీ, తలుపుకాడ నిలబడ్డ ముసలామె మిగిలింది, ఆమెను గూడ తింటదా లేదా చూడాలె" అన్నారు. ఆమెనూ తిన్నది. ఆఖరుకు బట్టతల మనిషి కూడా పోయాడు. పువ్వు జనం వైపు తిరిగి నోరంతా తెరిచింది, బట్ట తెల్లగా అయిపోయింది.

మిషను మనిషి చేతులు జోడించాడు. "డబ్బాలు తారుమారైనయ్. ఇది ఎరువుల సినిమా కాదు. ఉత్త కత. అమెరికాల ఇంటింటికి ఒక అద్దంపెట్టె ఉంటది, టెలివిజన్ అంటరు. వారానికోపారి అండ్ల గిట్లాంటి భయపెట్టే కత వస్తది. జనం తలుపులేసుకొని ఇంట్ల కూసొని చూస్తరు."

శివసత్తి గోవిందమ్మ ముందు వరుసలోనే ఉంది. ఊళ్లో దేవర ఎవరి మీదికి రావాలన్నా ఆమె మీదికే వస్తుంది. నెత్తిన జడలు, చేతిలో వేపకొమ్మ లేకుండా ఆమె బయటికి రాదు. "తలుపులేసుకొని మరీ దడుసుకుంటరా?" అని అడిగింది.

"అవునమ్మా."

"ఎందుకు, ఆళ్లకు దయ్యాలు లేవా?"

"లేవనుకుంట."

"పాపం," అంది గోవిందమ్మ.

ఆ మాటతో నవ్వులు పుట్టాల్సింది. పుట్టలేదు. ఎందుకంటే అప్పటికే తలలన్నీ మెల్లగా జానయ్య వైపు తిరుగుతున్నాయి. బక్కపలచని మనిషి. బట్టతల.

"తమ్మీ," అన్నాడు దశరథం, "నీ గుమ్మడి గింజ ఏడికెల్లి వచ్చింది?"

"సేవక్ సారిచ్చిండు."

"సారుకేడికెల్లి వచ్చింది?"

సారు నేల మీద కాగితాలు ఏరుకుంటున్నాడు. "అమెరికా నుంచే. కానీ ఆ అమెరికా వేరు..." అని ఆగిపోయాడు. వేరే అమెరికా ఎక్కడుందో ఆయనకు తోచలేదు.

"మరి ఐతారం ఐతారం నెత్తురు ఎవలకు పోస్తున్నవ్?"

ఆడవాళ్లలో ఒకామె ఏడ్చింది. "దాని నోళ్లను తెంపుకపోయి బతుకమ్మ పేర్చినమే, నెత్తిన పెట్టుకొని ఆడితిమే."

ఆ తర్వాత జరిగిన ప్రతిదీ తీగ మీదికే వచ్చింది. దశరథం పుంజు కనబడలేదు. దాన్ని ఏ అడవిపిల్లి ఎత్తుకుపోయిందో ఎవరూ అడగలేదు. నర్సింగమ్మ దొడ్డి వెనక నుంచి పోతుంటే నులితీగ ఆమె కొంగుకు తగులుకుంది. ఆమె కొంగు చింపుకొని ఇంటికి పరుగెత్తింది. తీగ చివర కొంగు ముక్క రెండు రోజులు వేలాడింది. దాన్ని చూడటానికి పక్క పల్లెల నుంచి కూడా వచ్చారు. ఆదివారం పోగులకు నలుగురే వచ్చారు. వచ్చినవాళ్లు కూడా పొట్టేలు కాళ్లన్నీ ఉన్నాయో లేదో చూసుకొని మరీ తీసుకున్నారు.

సత్తమ్మ బట్టలు దండెం మీద ఆరేయడం మానేసింది. "నాకేం భయం లేదు" అంటూనే ఇంటి వెనక తలుపుకు గడియ పెట్టింది.

"నువ్వు గూడ నమ్ముతున్నవానె?" అన్నాడు జానయ్య.

"నమ్మలె. కని అది పిల్లిని తిన్నంక పనిమనిషిని తిన్నది. ఆయన పెండ్లాన్ని ఎవ్వలు సూపియ్యలె. ఆమెను ముందుగాలనే తిన్నదేమో."

నుమాయిష్‌కు ఇంకా మూడు వారాలుంది. ఇంతలో చావడి దగ్గర తీర్మానమైంది. తెల్లారి గొడ్డళ్లతో వచ్చి తీగను మొదలంటా నరికి, కిరసనాయిలు పోసి కాల్చాలి. కాయను కూడా. దశరథమే ముందు నిలబడ్డాడు. ఊరి మేలు కోసమే అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతు మైకులో పలికినంత గంభీరంగా ఉంది.

జానయ్య ఇంటికొచ్చి కాయ పక్కన కూలబడ్డాడు. గొంగడి తీసి దాన్ని చూశాడు. ఎర్రటి కాయ, దున్నపోతు డొక్కలా నిగనిగలాడుతోంది. కడుపులో మిగిలిన ప్రేమంతా దీని మీదే పెట్టాడు ఆయన. కొడుకులు లేరు. ఉన్న ఒక్క బిడ్డ పెండ్లయి కట్టంగూర్ పోయింది. ఇది కూడా పోతే ఇక ఆయన పేరు పిలవడానికి లోకంలో కార్జమొక్కటే మిగులుతుంది.

అప్పుడు తట్టింది. లోపలికి పోయి సత్తమ్మ పసుపు డబ్బా తెచ్చాడు.

"అది దేనికి?" అంది సత్తమ్మ.

"పసుపు పూసి బొట్టు పెడ్త. యాపమండ కడ్త. దీని మీద గొడ్డలెత్తే మొగోడు ఈ జిల్లల లేడు."

ఆ లెక్క సరైందే. బొల్లిగుట్టలో రాయికి పసుపు పూస్తే ఆ రాయిని దాటుకుంటూ బాట వంకర తిరుగుతుంది. సర్కారు రోడ్డు కూడా తిరిగింది ఒకసారి.

"పూసుడు అల్కనే," అంది సత్తమ్మ. "రేపు నుమాయిష్‌కు ఎత్తుకపోవాల్నంటె కడుగుడెట్ల?"

"నీళ్లతోని," అన్నాడు జానయ్య. జీవితంలో ఆయన చేసిన తప్పులన్నీ ఇట్లాంటి పొట్టి జవాబులతోనే మొదలయ్యాయి.

కోడి కూసేసరికి కాయంతా పచ్చగా మెరుస్తోంది. నడుమ అరచేయంత కుంకుమ బొట్టు. దాని మీద రెండు సున్నపు కండ్లు కూడా పెట్టాడు, చెయ్యి ఊరుకోక. తొడిమకు వేపమండ, ముందర దీపం. మొగోళ్లు గొడ్డళ్లతో దొడ్డి తడిక తోసుకొని వచ్చారు. దశరథం అందరికంటే ముందు. వచ్చినవాడు వచ్చినట్టే నిలబడిపోయాడు. ఆయన చెయ్యి తనంతట తానే గొడ్డలిని కింద పెట్టింది. కాళ్లు చెప్పులను వదిలాయి.

"ఎవరు పూసిన్రు?" అన్నాడు గొంతు తగ్గించి.

జానయ్య కొంచెం ఆలోచించాడు. "తెల్లారి లేసి చూసేసరికి గిట్లుంది."

సత్తమ్మ గోడకు తిరిగి కొంగు నోట్లో పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నారు.

గోవిందమ్మను పిలుచుకొచ్చారు. ఆమె వస్తూనే గుమ్మడిని చూసి జడలు విప్పింది. పూనకంతో శిగమూగింది. "ఓరి బాలల్లారా," అంది ఆమె లోపలి నుంచి దేవర, "ఏడు సముద్రాలు దాటి మీ ఊరిని ఎతుక్కుంట వస్తి. పెంటకుప్ప మీద పడేస్తిరి. నరకవస్తిరి."

మొగోళ్లంతా నేలకు కరుచుకున్నారు.

"నేను గుమ్మడి మైసమ్మను. నాకు ఆకలైతాంది. మీరు పెట్టరైతిరి. పుంజుతోని, పిల్లితోని నా కడుపు నిండుతదా?"

పిల్లి సినిమాలోది అని ఎవరికీ గుర్తు రాలేదు. దేవర అడిగింది మేక. దేవర వెలసింది జానయ్య జాగాలో గనుక మొదటి మేక జానయ్యదే కావాలని ఊరు ఒక్కమాటగా అంది. బొల్లిగుట్ట పుట్టిన నాటి నుంచి మేకను బలివ్వలేని పేదవాడు బదులుగా గుమ్మడికాయ కొట్టేవాడు. ఇప్పుడు గుమ్మడికాయ ముందు మేకను కొట్టారు. మేకకు ఇది అర్థమయ్యేంత తీరిక దొరకలేదు.

నెత్తురు తీగ మొదట్లోనే పోశారు. మంగళవారం ఇంకో మేక. శుక్రవారం కోళ్లు. ఒక్క ముంత పోస్తేనే దడుసుకున్న జనం ఇప్పుడు కుండలతో తెచ్చి పోస్తున్నారు. ఆడవాళ్లు బోనాలు తెచ్చారు. మాంసం మాత్రం ఎవరింటికి వాళ్లు తీసుకుపోయారు. జానయ్య మందలో మేకలు తరిగాయి, కాయ పెరిగింది. మొన్న గోలెమంత ఉన్నది ఇవాళ కల్లుకుండలు నాలుగు ఒకచోట పెట్టినంత అయింది. పర్వతాలు సారు భయం భయంగా వచ్చి, చేతులు చాచి కొలవబోయి, అందక వెనక్కి తగ్గాడు.

"జానయ్యా, జిల్లాలో ఇలాంటి కాయ లేదు. నుమాయిష్‌కు తెస్తే మొదటి బహుమతి నీదే. రాసి పెట్టుకో."

తేవడమెలా? నీళ్లతో కడిగేద్దామనుకున్న పసుపు ఇప్పుడు ఊరంతా కలిసి పూసిన అంగుళం మందం పసుపైంది. తడిక దగ్గర దశరథం కాపలా కూడా పెట్టించాడు. దశరథం ఇప్పుడు గుడి కమిటీకి పెద్ద.

"నీళ్లతోని కడుగుతనంటివి గద," అంది సత్తమ్మ.

జానయ్య ఆదివారం పోగులు వేసేటప్పుడు ఒక పెద్ద పోగు పక్కన పెట్టాడు. కార్జమంతా అందులోనే. దాన్ని పట్టుకొని గోవిందమ్మ ఇంటికి పోయాడు. మామూలు రోజుల్లో ఆమె ఆయనకు వదినె వరస.

"వదినె, అమ్మను జర అడిగి పెట్టు. పాలమూరుకు వస్తదేమో."

"నా చేతుల ఏముంటది మరిది," అంది గోవిందమ్మ ఆకు విప్పి చూస్తూ. "ఆమె ఇష్టం. ఆమెకు కార్జమంటె పాణమని నీకెట్ల తెలుసు?"

మంగళవారం దేవర వచ్చింది. జానయ్య ముందుకొచ్చి సాగిలపడ్డాడు.

"తల్లీ, పాలమూరు నుమాయిష్ చూసొద్దువు."

"పాలమూరుల నాకేం పనిరా బాలుడా?"

"పెద్ద పెద్ద ఆఫీసర్లు వస్తరు. నిన్ను చూస్తరు. దండం పెడ్తరు."

దేవర కొంచెంసేపు ఊగింది. గోవిందమ్మ పుట్టి బుద్ధెరిగిన తర్వాత పాలమూరు చూడలేదు. "లైట్లుంటయా?" అంది దేవర.

"రంగురంగులయి తల్లీ."

"రంగులరాట్నం?"

"రెండుంటయి."

"అయితె వస్త. డప్పులు ముంగట నడవాలె. ఊరంత నా ఎంట రావాలె. తక్కెడల మాత్రం కూసోను. నన్ను తూచేటోడు పుట్టలె."

జానయ్య తల ఊపాడు. తూకం లేకపోయినా కండ్లున్నాయి గదా ఆఫీసర్లకు. తొడిమను ఆయనే కోశాడు. ఎనిమిది మంది పట్టి దేవరను బండి మీదికెక్కించారు. దేవర కింద గడ్డి, గడ్డి మీద జానయ్య గొంగడి. ముందు డప్పులు, వెనక ఊరు. పొద్దున బయల్దేరి మాపటికి పాలమూరు శివారు చేరి, చెట్ల కింద వంటలు చేసుకొని, తెల్లారి నుమాయిష్ మైదానానికి ఊరేగింపుగా పోయారు. దారిలో ఇంకో రెండు ఊళ్లవాళ్లు దండాలు పెట్టి కొబ్బరికాయలు కొట్టారు. జానయ్య బండి పక్కన నడుస్తూ ఒక్కటే అనుకున్నాడు. పసుపు ఉన్నా, బొట్టు ఉన్నా, కాయ కాయే. పెంచినవాడు పెంచినవాడే. పేరు అడగకుండా బహుమతి ఎవరూ ఇవ్వరు.

కూరగాయల పందిట్లో ఆనపకాయలు, వంకాయలు వరుసగా పేర్చి ఉన్నాయి. వాటి మధ్యకు డప్పులతో దేవర వచ్చేసరికి పందిరి కింద ఉన్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. నల్లకండ్లద్దాల ఆఫీసరొకాయన కాయ చుట్టూ తిరిగాడు. రెండుసార్లు తిరిగితే జనం ప్రదక్షిణ అనుకొని మెచ్చుకున్నారు.

"అబ్బో," అన్నాడాయన. "తక్కెడ తెండి."

"తూచొద్దు సారూ, ఆమెకు కోపం," అన్నాడు దశరథం.

ఆఫీసరు పసుపు చూశాడు, సున్నపు కండ్లు చూశాడు, శిగమెక్కబోతున్న గోవిందమ్మను చూశాడు. "సరే, తూకమెందుకు, కనబడుతూనే ఉంది. మొదటి బహుమతి దీనికే. పండించింది ఎవరు?"

జానయ్య ముందుకు ఒక అడుగు వేశాడు.

"పండించుడేంది సారూ," అన్నాడు దశరథం. "వెలసింది."

"అంటే?"

"స్వయంభు. అమెరికాకెల్లి వచ్చింది."

ఆఫీసరు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చూడయ్యా, దేవతకు బహుమతి ఇచ్చే రూలు మాకు లేదు. ఎవరో ఒక మనిషి పేరు చెప్పండి, మైకులో పిలుస్తాం. లేకపోతే పక్కదానికి ఇస్తాం."

పక్కది ఒక పిల్లకుండంత గుమ్మడి. దాని వెనక ఏ ఊరివాడో తలపాగా సర్దుకుంటున్నాడు. మైకు పందిట్లోనే ఉంది, ఎదురుగా, చేయి చాస్తే అందేంత దూరంలో.

జానయ్య వెనక్కి చూశాడు. ఊరంతా ఉంది. బోనాలెత్తిన ఆడవాళ్లు, డప్పులవాళ్లు, మేకల మాంసం తిన్న మొగోళ్లు. చెప్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. కాళ్లు చేతులు విరగ్గొట్టి ఇక్కడే పారేస్తారు. చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. అది అంతకంటే ఎక్కువ నొప్పి.

"నేను పండించిన," అన్నాడు. "గింజ నేనే పెట్టిన. నీళ్లు, ఎరువు నేనే పోసిన. పసుపు గూడ నేనే పూసిన, మీరు నరుకుతరని. ఎవ్వలు వెలవలె. ఉత్త గుమ్మడికాయ ఇది."

డప్పులు ఆగిపోయాయి. సత్తమ్మ ఆయన పక్కకు వచ్చి నిలబడింది. దెబ్బలు పడితే మొదటిది తన మీద పడేటట్టుగా నిలబడింది.

దశరథం నోరు తెరుచుకొని చూశాడు. తర్వాత ఆయన కండ్లలో నీళ్లు తిరిగాయి. "చూసిన్రా," అన్నాడు ఊరి వైపు తిరిగి. "ఊరందర్ల పసుపు పూసే బుద్ధి ఎవలకన్న పుట్టిందా? గీనకే పుట్టింది. ఎవలు పుట్టిచ్చిన్రు?"

"అమ్మే," అన్నది ఊరు.

"కాదు, నాకే పుట్టింది," అన్నాడు జానయ్య.

"నీకే పుట్టినట్టనిపిస్తది మరిది," అంది గోవిందమ్మ జాలిగా. "అమ్మ ఎక్కినోనికి ఎక్కినట్టు తెల్వదు. నాకు తెలుస్తదా? ఇయ్యాల్టి నుంచి పసుపు పూసిన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ముందుగాల అమ్మను ముట్టొద్దు."

నర్సింగమ్మ వంగి జానయ్య కాళ్లకు మొక్కింది. ఆ వెనక ఇంకో నలుగురు మొక్కారు. జానయ్య కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. ఆదివారాలు కార్జం కోసం బతిమాలిన జనమే, ఇప్పుడు కూడా ఆయన మాట ఒక్కటి వినడం లేదు.

"తేల్చండి," అన్నాడు ఆఫీసరు. "పండించింది ఈయనేనా?"

"కాదు సారూ," అంది ఊరంతా.

మైకులో పిల్లకుండవాడి పేరు పడింది. మైదానమంతా తిరిగింది, గోడలకు తగిలి రెండోసారి కూడా వినబడింది. వాడికి మందు చల్లే మిషను ఇచ్చారు.

జానయ్య ఎవరికీ చెప్పకుండా పందిరి వెనక నుంచి నడిచిపోయాడు. రంగులరాట్నాలు దాటి, మిఠాయి దుకాణాలు దాటి, పశువుల కొట్టాల వెనక గడ్డిమోపుల దగ్గర కూర్చున్నాడు. అక్కడ ఎవరూ మొక్కరు. ఒక దూడ వచ్చి ఆయన చెయ్యి నాకి, ఉప్పేమీ లేదని పోయింది. ఎండ వాలింది. బీడీ వెలిగించబోతే అగ్గిపెట్టె బండి మీద గొంగట్లో ఉండిపోయిందని గుర్తొచ్చింది. అది కూడా దేవర కిందికే పోయింది.

పందిట్లో ఊరికి పెద్ద చిక్కొచ్చిపడింది. నుమాయిష్ చూడడం అయింది. గోవిందమ్మ రెండు రాట్నాలూ ఎక్కింది. ఇక ఇంటికి పోవాలి. దేవరను బండెక్కించాలంటే ముందు ఆ చెయ్యి ముట్టాలి. ఆ చెయ్యిగల మనిషి లేడు. నలుదిక్కులా వెతికారు. ఆఖరుకు దశరథం మైకు మనిషి దగ్గరికి పోయి బతిమాలాడు.

సత్తమ్మ మాత్రం ఎవరినీ అడగలేదు. ఆయన అలిగితే పశువులున్న చోటికే పోతాడని ఆమెకు తెలుసు. నేరుగా గడ్డిమోపుల దగ్గరికొచ్చి నిలబడింది.

"లేవరాదు. ఆడ నీ దిక్కు చూస్తున్నరు."

అప్పుడే మైకు గరగరమంది.

"బొల్లిగుట్ట గ్రామం నుండి వచ్చిన జానయ్య గారు. జానయ్య గారు. మీరు ఎక్కడ ఉన్నా వెంటనే కూరగాయల పందిరి వద్దకు రావలసిందిగా కోరుతున్నాము. మీ గ్రామస్థులు, గుమ్మడి మైసమ్మ గారు మీ కోసం ఎదురుచూస్తున్నారు."

పేరు మైదానం మీదుగా పోయింది. రంగులరాట్నాల మీదుగా పోయి, కచేరీ గోడలకు తగిలింది, తిరిగొచ్చింది. పశువుల దగ్గర ఉన్న ఒకాయన "ఎవలయ్యా ఆ జానయ్య?" అని పక్కవాడిని అడిగాడు. జానయ్య లేచాడు. సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు.

"ఏమైంది?" అంది సత్తమ్మ.

"పోకుంటె ఇంకోపాలి పిలుస్తడు."

సత్తమ్మ ఆయన్ను చూసింది. గడ్డిమోపు ఒకటి లాక్కొని పక్కన కూర్చుంది. కాళ్లు చాపుకుంది. మైకు మళ్లీ గరగరమంది.

"గారు అంటుండు," అంది.

"ఊకో," అన్నాడు జానయ్య. "ఇననియ్యి."